గాయమునకు తేనె

గత వేసవిలో నల్లమల అంచుననున్న ఒక గ్రామమునుండి మా కేంద్రమునకు ఒక శ్రోత జాబు వ్రాసినారు. వారి తండ్రిగారికి డెబ్బదియేండ్లు, పండ్రెండేండ్లుగా మధుమేహమున్నది. పొలముగట్టుపై నడచుచుండగా అరికాలిలో తుమ్మముల్లు దిగినది. ముల్లు తీసివేసినారు గాని పుండు నిలిచిపోయినది. అడవితేనె తెచ్చి అమ్ము చెంచులవద్ద ఒక సీసా కొని ఇరువది దినములుగా పూయుచున్నారట. "పైచర్మము కూడుకొనుచున్నట్లే యున్నది. పాదము మాత్రము వాచినది. కట్టు విప్పినప్పుడు వాసన కొట్టుచున్నది. నాన్నగారు నొప్పి లేదనుచున్నారు. తేనె అసలైనదే, మా కన్నులయెదుట పిండినదే. ఇంకను కొన్నాళ్లు పూయవచ్చునా? పట్నము తీసికొనిపోవలెనా? పుండ్లకు తేనెను మించిన మందు లేదని మీ రేడియోలోనే ఒకసారి వింటిమి" అని ఆ జాబు.

చివరి వాక్యము చదివి మేము కొంతసేపు మాటలాడలేకపోతిమి. ఆ మాట మాలో ఎవరు, ఏ ప్రసంగములో అన్నారో వెదకినను దొరకలేదు. కాని అనియుండరని మాత్రము ప్రమాణము చేయజాలము. పది నిమిషముల ప్రసంగములో ఒక వాక్యము అలవోకగా వెళ్లిపోవును. ఎక్కడో ఒక యింటిలో అదే వైద్యుని చీటీ యగును. జాబు అడుగున ఫోను సంఖ్య యుండుటచేత ఆ పూటనే మాటలాడి, తెల్లవారునంతవరకు ఆగక తండ్రిగారిని ఆసుపత్రికి తీసికొనిపోవలసినదని చెప్పితిమి. అయినను ఆయన అడిగిన ప్రశ్న అంతటితో తీరునది కాదు. తేనె గాయమును మాన్పునా? మాన్పును. ఏల మాన్పునో తెలిసికొన్నచో ఎక్కడ మాన్పజాలదో కూడ అందులోనే తెలియును. ఈ వ్యాసమునకు ఆ మాటయే ఆధారము.

ఈ వైద్యము మన తాతముత్తాతలకు మాత్రమే తెలిసినది కాదు. 1862లో ఐగుప్తుదేశములోని లక్సర్ పట్టణమున ఎడ్విన్ స్మిత్ అను అమెరికను ఒక పాత పపైరసు చుట్టను కొనెను. అందులో ఏమున్నదో లోకమునకు పూర్తిగా తెలియుటకు 1930 వరకు పట్టినది. ఆ సంవత్సరమున బ్రెస్టెడ్ అను పండితుడు దానిని అనువదించి ప్రకటించెను. క్రీస్తుపూర్వము సుమారు 1600 నాటి ఆ ప్రతిలో నలువదియెనిమిది మంది క్షతగాత్రుల వృత్తాంతములున్నవి. తలనుండి మొదలుపెట్టి, ఒక్కొక్క దెబ్బను ఎట్లు పరీక్షింపవలెనో, ఏది బాగుపడునో, ఏది వైద్యమునకు లొంగనిదో చెప్పుచు పోవును. గాయమునకు మొదటి దినమున పచ్చిమాంసము కట్టి, పిదప ప్రతిదినమును కొవ్వు, తేనె, నారపీచు పెట్టి కట్టవలెనని అందు మరల మరల వచ్చును. మంత్రములతో నిండిన ఆనాటి ఇతర గ్రంథముల నడుమ ఈ చుట్ట ఎంతో తెలివిగల వైద్యుని నోటిమాటవలె తోచును. గీదో మైనో అను వ్యాధివిజ్ఞాన శాస్త్రజ్ఞుడు ఆ కొవ్వు-తేనె మిశ్రమమును తన ప్రయోగశాలలో కలిపి, గాయములను చెరచు సూక్ష్మజీవులపై వేసి చూచెను. అవి నశించినవి. ఆ సంగతి 1975లో వెలువడిన ఆయన గ్రంథములో నున్నది.

మన సుశ్రుతుడు ఈ విషయమున ఇంకను వివరముగ చెప్పినాడు. సూత్రస్థానములో శస్త్రచికిత్సను వర్ణించుచోట, గడ్డ కోసి, లోనిది వెడలించి, కషాయముతో కడిగి, నువ్వులముద్దయు తేనెయు నేయియు పూసిన వత్తిని గాయములో నిడి కట్టవలెనని విధించినాడు. తెగిన చెవితమ్మెను అతికించునప్పుడును కూర్చినచోట తేనెయు నేయియు రాచి, దూదియో బట్టయో చుట్టవలెను. ద్రవపదార్థములను గూర్చిన నలువదియైదవ అధ్యాయములో తేనెను ఎనిమిది విధములుగా విభజించి, అది తెగినదానిని కూర్చును, మలినమును శోధించును, పుండును మాన్పునని మూడు గుణములు చెప్పినాడు. అక్కడనే తేనెకు వేడి తగులరాదని ఒక నిషేధము కలదు. తేనెటీగ విషపుష్పములపై కూడ వ్రాలును గనుక తేనెలో విషాంశమున్నదనియు, వేడి దానిని రేపుననియు ఆయన చెప్పిన కారణము. ఈ నిషేధమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దీనివద్దకు రావలసియున్నది.

తెలుగు ఇండ్లలో గాయమునకు పూయనిది లేదు. పసుపు, కాఫీపొడి, గాయపాకు రసము, కాలినచోట సిరా. ఇటీవల పండ్లు తోముకొను పేస్టు కూడ ఆ వరుసలో చేరినది. సెగగడ్డకు సున్నమును తేనెయు కలిపి పట్టువేయుట మా చిన్ననాట మేమే అనుభవించితిమి. కలుపునప్పుడే అది వ్రేలిని చురుక్కుమనిపించును. కొన్ని పల్లెలలో పేడ పూయు ఆచారమునుండెడిది. దానివలన ధనుర్వాతము వచ్చి ఎందరు పోయిరో లెక్క వ్రాసినవారు లేరు. ఈ వస్తువులన్నిటిని పెద్దలు ఒకే నమ్మకముతో మనకు అందించినారు. ఆ నమ్మకములో పేడకును తేనెకును భేదము లేదు. భేదమంతయు వస్తువులో నున్నది. అందుచేత పెద్దలు చెప్పినారనుట చాలదు, వస్తువును చూడవలెను.

తేనె ఎట్లు పుట్టునో చూడుడు. పూవులోని మకరందము నీళ్లవంటి తీపిరసము; ఒక దినముంచిన పులిసిపోవును. ఈగ దానిని తన కడుపులోని తేనెసంచిలో నింపుకొని పట్టునకు తెచ్చును. అక్కడ ఒక ఈగ మరియొక ఈగ నోటికి అందించుచు, పలుచగా గదులలో పరచి, వేలకొలది రెక్కలతో విసరి నీటిని ఇగుర్చును. నీరు నూటికి పదునెనిమిది, ఇరువది పాళ్లకు దిగినపిమ్మట గదికి మైనపుమూత వేయును. మూత వేసినదే పండిన తేనె. అందు సుమారు ఎనుబది పాళ్లు చక్కెరలే. ఉప్పులో ఊరిన మాగాయ ఏల చెడదో ఇదియు అందుకే చెడదు: సూక్ష్మజీవి బ్రతుకుటకు నీరు కావలెను, ఇంత చిక్కని పదార్థములో దానికి నీరు చిక్కదు సరికదా, దాని యొంటిలోని నీరే బయటికి లాగబడును. గాయముపై పూసినప్పుడును ఇదే జరుగును. తేనె లోపలి కండనుండి రసిని పైకి లాగును. ఆ రసి ఊరుచు పుండును లోపలినుండి కడుగును. కుళ్లిన కండ మెత్తబడి ఊడివచ్చును. కట్టుగుడ్డ పుండునకు అంటుకొనకుండ విడివడును.

ఇది ఒక్కటే యైనచో చక్కెరపాకమునకును తేనెకును భేదముండదు. కాని తేనె పుల్లనిది కూడ. నాలుకకు తెలియదు గాని, దాని ఆమ్లత పుల్లని పండ్లరసములకు దగ్గరగా నుండును. అట్టిచోట చీముపుట్టించు జీవులనేకము పెరుగజాలవు. ఈ పులుపు ఎక్కడిది? ఈగ మకరందములో తన గ్రంథులనుండి ఒక ఎంజైమును కలుపును. దానిపేరు గ్లూకోజు ఆక్సిడేజు. అది గ్లూకోజును గ్లూకోనికామ్లముగా మార్చును. మార్చునప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడు పుట్టును. ఆసుపత్రిలో పుండు కడుగునప్పుడు నురుగులు గ్రక్కు మందు అదే.

ఇందొక చిత్రము కలదు. పండిన తేనెలో ఈ ఎంజైము నిద్రించుచుండును. నీరు లేక అది పనిచేయజాలదు. పుండునుండి రసి ఊరి తేనె పలుచబడిన మరుక్షణము అది మేల్కొనును. మందును కొంచెముకొంచెముగా తయారుచేయుట మొదలుపెట్టును. సీసాలోని మందు ఒక్కసారి నురిగి, సూక్ష్మజీవులతోపాటు లేతకండను కూడ కాల్చును. తేనెలో పుట్టునది దానిలో సుమారు వెయ్యవవంతు. కాని గంటలతరబడి ఊరుచునే యుండును. క్రిములకు చాలినంత, కండకు హానిలేనంత. తేనెపట్టులో బిడ్డలకై దాచిన ఆహారము చెడకుండ ఈగ చేసికొన్న యేర్పాటు మన గాయమునకు పనికివచ్చినది.

తేనెకు క్రిములను చంపు గుణమున్నదని ప్రయోగములో మొదట కనుగొన్నది 1892లో వాన్ కెటెల్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు. 1937లో జర్మనులు ఆ గుణమునకు కారణమైన పదార్థమేదో యున్నదని తలచి దానికి 'ఇన్‌హిబిన్' అని పేరుపెట్టిరి; పేరు ముందు పుట్టి, పదార్థము తరువాత దొరకినది. అది హైడ్రోజన్ పెరాక్సైడే యని అమెరికాలో వైట్ మొదలగువారు 1963లో తేల్చిరి. అప్పటికి తేనెను పట్టించుకొను వైద్యుడు లేడు. పెనిసిలిను వచ్చి యిరువదియేండ్లైనది. సూదిమందుతో మూడు దినములలో మానునప్పుడు తేనెసీసా వెదకువారెవరు? పిమ్మట యాంటిబయోటిక్కులను విచ్చలవిడిగా వాడుటచేత వాటికి లొంగని జీవులు ఆసుపత్రులలోనే పుట్టి పెరిగినవి. అప్పుడు మరల పాతదానిపై చూపు పడినది.

ఈ పునరుద్ధరణకు ముఖ్యుడు న్యూజిలాండులోని వైకాటో విశ్వవిద్యాలయపు జీవరసాయన శాస్త్రజ్ఞుడు పీటర్ మోలన్. ఆ దేశమున మానుకా అను పొదజాతిచెట్టు కలదు. దాని పూతేనెలోని పెరాక్సైడును తీసివేసినను క్రిములు చచ్చుచుండుట ఆయన చూచెను. మరియొక మందు దాగియున్నదన్నమాట. అది మిథైల్ గ్లయాక్సాల్ అను పదార్థమని 2008లో జర్మనీలోని డ్రెస్‌డెన్ పరిశోధకులును, న్యూజిలాండువారును వేరువేరుగ ప్రకటించిరి. అంతకు ముందటి సంవత్సరమే అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ వైద్యమునకై శుద్ధిచేసిన తేనెకట్టును అమ్ముటకు అనుమతించినది. 2010లో వేల్సులోని కార్డిఫ్ పరిశోధకులు మానుకాతేనెను కొద్దికొద్దిగా అలవాటుచేసి సూక్ష్మజీవులను దానికి లొంగనివానిగా తయారుచేయ ప్రయత్నించి చూచిరి, అవి తయారుకాలేదు. ఒక్క ఆయుధమైనచో తప్పించుకొను ఉపాయము జీవి నేర్చుకొనును. తేనెలో ఇన్ని ఆయుధములు ఒక్కసారి మీదపడును గదా.

ప్రయోగశాలలో పళ్లెముమీద క్రిములు చచ్చుట వేరు, మంచముమీద రోగి లేచుట వేరు. ఇందు మన దేశపు వైద్యుని పేరు మొదట చెప్పవలెను. షోలాపురములో శస్త్రవైద్యులైన సుబ్రహ్మణ్యంగారు కాలిన గాయములతో వచ్చిన 104 మందిని రెండుగా విభజించి, ఏబదియిద్దరికి తేనెకట్టును, మిగిలిన ఏబదియిద్దరికి ఆసుపత్రులలో వాడుకలోనున్న వెండిలవణపు మలామును వాడి, ఫలితములను 1991లో ఇంగ్లండు శస్త్రవైద్యపత్రికలో ప్రకటించిరి. తేనె కట్టినవారిలో నూటికి 87 మందికి పదునైదు దినములలో గాయములు మానినవి. మలాము రాచినవారిలో నూటికి పదిమందికి మాత్రమే. ఇంత తేడా చూచినప్పుడు సంతోషముతోపాటు కొంత సందేహము కూడ కలుగుట సహజము. కాలిన గాయములపై ఆనాటికి జరిగిన పరీక్షలన్నియు ఒక్క కేంద్రమునుండియే వచ్చినవనియు, ఇతరులును చేసి చూడవలెననియు 2008లో లోకములోని పరీక్షలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్షకులు వ్రాసిరి. 2015లో వారే ఇరువదియారు పరీక్షలను, మూడువేలమందికి పైగా రోగులను లెక్కించి చెప్పిన తీర్పు ఇది: మరీ లోతులేని కాలినగాయములు వాడుకలోని కట్లకంటె తేనెతో నాలుగైదు దినములు ముందుగా మానును, శస్త్రచికిత్స పిమ్మట చీముపట్టిన గాయములకును మేలు కనబడుచున్నది, తక్కిన పుండ్ల సంగతి తేల్చి చెప్పుటకు వీలులేదు. 'తక్కిన పుండ్ల'లో మధుమేహరోగి పాదముపుండు ఒకటి.

మరియొక పరీక్షను కూడ చెప్పవలెను. ఇట్టివానిని తేనె పక్షమువారు తరచు మరచిపోవుదురు. రక్తనాళములు ఉబ్బి కాలిపై పడు మొండిపుండ్లకు మానుకాతేనెను వాడి 368 మందిపై న్యూజిలాండులోనే పెద్ద పరీక్ష చేసిరి. పండ్రెండు వారములైనను తేనె కట్టినవారికిని, మామూలు కట్టు కట్టినవారికిని చెప్పదగిన భేదము కనబడలేదు. పైగా తేనె కట్టినవారికి నొప్పి అధికముగ నుండెను. మానుకా పుట్టినింటనే జరిగిన ఈ పరీక్షను దాచక ప్రకటించినందుకు వారిని మెచ్చుకొనవలెను. ఆ పుండునకు కారణము కాలిలో రక్తము నిలిచిపోవుట. పైన ఏది పూసినను లోపలి కారణము అట్లే యుండును.

ఇక మన సీసాలోనున్న తేనె యెట్టిది? అంగడితేనె మొదట చూతము. 2020 డిసెంబరులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రమువారు బజారులో దొరకు పదుమూడు బ్రాండ్ల తేనెను పరీక్షింపించిరి. జర్మనీలో జరిగిన సూక్ష్మపరీక్షతో సహా అన్నిటిలోను నెగ్గినవి మూడే. మిగిలినవానిలో కలిసినది చక్కెరపాకము. మామూలు పరీక్షలకు అందకుండునట్లు ప్రత్యేకముగా తయారుచేసిన పాకము. పాకములో ఈగ యెంజైము లేదు, పెరాక్సైడు పుట్టదు. అసలైన తేనెనే కొన్నను, అది పేరుకొనకుండ, పులియకుండ చాలకాలము నిలువవలెనని కాచి వడబోసి నింపుదురు. గట్టిగా కాచినచో ఎంజైము చచ్చును. ఎండలో పెట్టినను క్షీణించును. సుశ్రుతుని నిషేధము ఇక్కడ జ్ఞాపకము రావలెను. ఆయన చెప్పిన కారణము వేరు, నేడు మనకు తెలిసిన కారణము వేరు. వేడి తగులనీయరాదనుటలో మాత్రము ఇద్దరును కలిసిరి. ఇట్టి కలయికలను చూచి ప్రాచీనులకు అంతయు తెలియునని గంతులువేయుట మాకిష్టము లేదు. చూచినదానిని శ్రద్ధగా వ్రాసి పెట్టినారనుట వారికి తక్కువ గౌరవము కాదు.

అడవితేనె కల్తీలేనిది. దానిని తెచ్చువాని కష్టమును గూర్చి ఒక మాట చెప్పక ముందుకు పోజాలము. నల్లమలలో పెద్ద ఈగలు కొండచరియలకు, నిలువెత్తు బండలకు పట్టుపెట్టును. చెంచు త్రాడు కట్టుకొని, పొగపెట్టుచు, ఆ చరియపైనుండి క్రిందికి దిగును. పైన త్రాడు పట్టుకొనువాడు అతని బావమరిదియై యుండవలెనని చెంచులను గూర్చి వ్రాసినవారు చెప్పుదురు. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు తన చేతిలోనున్నవని ఎరిగినవాడు త్రాడు వదలడు గదా! ఆ విధముగ దిగిన తేనెను గిరిజనులవద్ద కొని, శుద్ధిచేసి అమ్ముటకు 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. త్రినుటకు అంతకంటె మంచి తేనె లేదు.

గాయమునకు మాత్రము అసలైనదగుట చాలదు. పట్టును చేతితో పిండినప్పుడు మూతవేయని పచ్చితేనె, పుప్పొడి, పిల్లయీగల రసము కూడ కలియును. నీరు ఇరువది పాళ్లకు మించిన పులియుట ప్రారంభించును. అంతకంటె ముఖ్యమైనది మట్టిలోను ధూళిలోను నుండు క్లాస్ట్రిడియము జాతి జీవుల బీజకణములు. అవి తేనెలో పెరుగవు, కాని చావవు. ఎండిన విత్తనములవలె పడియుండును. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదని వైద్యులు నిర్బంధముగ చెప్పుటకు కారణమిదే: పసిబిడ్డ ప్రేవులలో ఆ బీజములు మొలకెత్తి, ఒడలు చచ్చుబడచేయు విషమును పుట్టించును. పుట్టగానే నాలుకకు తేనె రాయు ఆచారము మన యిండ్లలో నున్నది గనుక ఈ మాటను ఇక్కడనే చెప్పివేయుచున్నాము. ఆసుపత్రి తేనెను గామాకిరణములతో శుద్ధిచేయుదురు. బీజకణములు నశించును, వేడి తగులదు గనుక ఎంజైము నిలుచును. వంటింటిలో మనము చేయజాలని పని ఇది.

ఇంతవరకు చెప్పినదానిని దగ్గరనుంచుకొని మన శ్రోతగారి తండ్రి పాదమును చూడుడు. తేనె యొక్క పని అంతయు అది తాకినచోటనే. ముల్లు దిగిన రంధ్రము సన్నము, లోతు అధికము. పైచర్మము కూడుకొనినది, లోపల చీము మూతబడినది. అక్కడికి తేనె పోదు, తేనె లాగిన రసి బయటికి రాదు. పైన మానుట మేలుగా కనబడినది గాని అదియే కీడు. చాలకాలపు మధుమేహమువలన పాదముల నరములు మొద్దుబారును. అందుచేత ఆయనకు నొప్పి తెలియలేదు. నొప్పి లేదన్న మాట విని ఇంటివారు ధైర్యపడినారు. వైద్యుడు ఆ మాటకే భయపడును. సన్నబడిన రక్తనాళములు పాదమునకు చాలినంత రక్తమును అందింపజాలవు. చీము ఎముకను చేరవచ్చును. ఇక వాసన. తేనె సరిగా పనిచేయుచున్న పుండునకు వాసన తగ్గవలెను. ఏలనన, చక్కెర అందిన జీవులు కండను కుళ్లబెట్టుట మాని చక్కెరను తినును. ఇరువది దినములు పూసినను వాసన కొట్టుచున్నదనగా, కుళ్లు తేనెకు అందనిచోట నున్నదని ఆ తేనెయే చెప్పుచున్నది. ఆ స్థితిలో కావలసినవి కత్తి, ఎముకకు ఎక్స్‌రే, రక్తమువెంట పోవు మందు, కాలు నేల మోపకుండుట, రక్తములో చక్కెర అదుపు.

అట్లే కుక్కకాటునకు తేనె పనికిరాదు. పదునైదు నిమిషములు సబ్బుతోను ధారగా పోయు నీటితోను కడిగి, ఆ దినమే టీకాకు పోవలెను. తుప్పుపట్టిన ఇనుము, ముల్లు, మన్ను తగిలిన లోతుగాయమునకు ధనుర్వాతపు టీకాయే రక్ష. కాలినప్పుడు మొదటిపని చల్లని నీటిధార క్రింద ఇరువది నిమిషములు పట్టియుంచుట. కాలిన వెంటనే వేడి చర్మములోపల ఇంకను పనిచేయుచుండును. నీటికి ముందు తేనె గాని మరేది గాని పూసినచో ఆ సమయము వృథా యగును. మంచుగడ్డ పెట్టరాదు. ముఖము, చేతులు, మర్మస్థానములు కాలినను, బొబ్బ అరచేతికంటె పెద్దదైనను ఇంట నుంచుకొనరాదు. తేనెటీగ కుట్టినంతనే ఒళ్లంతయు దద్దురులెక్కువారు తేనెకట్టు జోలికి పోకుండుట మంచిది.

ఇన్ని తీసివేయగా మిగిలినది తక్కువేమియు కాదు. కత్తిపీట తెగిన వ్రేలు, గీరుకొనిపోయిన మోకాలు, నీటితో చల్లార్చిన చిన్న బొబ్బ, వైద్యుడు చూచి కట్టు మార్చుకొమ్మని పంపిన పైపైపుండు. మందులషాపులో వైద్యమునకై శుద్ధిచేసిన తేనె దొరకినచో దానినే వాడవలెను. ముందు నీటితో గాయమును కడిగి, తేనెను గాయముపైగాక శుభ్రమైన కట్టుగుడ్డపై పోసి ఇంకనిచ్చి, ఆ గుడ్డను కట్టవలెను. నేరుగా పోసినది ఒంటివేడికి కారిపోవును. నాలుగంగుళముల చదరపు గుడ్డకు సుమారు ఇరువది మిల్లీలీటర్లు పట్టును. చుక్కవేసి రాచిన ప్రయోజనము లేదు. రసి దానిని క్షణములో పలుచజేయును. పైన మరియొక పొడిగుడ్డ చుట్టవలెను. తడిసినప్పుడెల్ల, ఎట్లైనను దినమునకొకసారి, మార్చవలెను. మొదట కొంచెము మంట పుట్టుట సహజము, దాని పులుపువలన. మంట ఆగకున్నను, చుట్టును ఎఱ్ఱబడి వాపు ప్రాకుచున్నను, జ్వరము తగిలినను కట్టు విప్పి వైద్యునివద్దకు పోవలెను. మధుమేహమున్నవారి పాదముపై గాయము చిన్నదా పెద్దదా యను ప్రశ్న లేదు. అది ఆ దినమే వైద్యుడు చూడవలసిన గాయము.

మా శ్రోతగారివద్దనుండి నెలదినములకు మరల జాబు వచ్చినది. పాదమును రెండుచోట్ల కోసి చీము వెడలించినారట. లోపల ముల్లు తునక యింకను అర అంగుళము మిగిలియున్నదట. చిటికెనవ్రేలు ఒకటి తీసివేయవలసివచ్చినది, పాదము దక్కినది. ఇంకొక వారము ఆలస్యమైనచో మడమ పైవరకు పోయెడిదని వైద్యుడు చెప్పినాడట. ఇంకొక విశేషము: కోసినచోట ఎఱ్ఱనికండ పట్టి శుభ్రముగ నున్నదని తేలినపిమ్మట ఆ వైద్యుడే అల్మారాలోనుండి ఒక గొట్టము తీసి కట్టు కట్టినాడట; దానిపై తేనె అని యుండుట చూచి తండ్రిగారు నేను చెప్పలేదా యని నవ్వినారట. ఇంటిలో సగముసీసా కొండతేనె మిగిలిపోయినది, దానిని ఏమిచేయవలెనని జాబు చివర అడిగినారు. పెద్దపిల్లలు రొట్టెతో తినవచ్చుననియు, చంటిబిడ్డకును తండ్రిగారికిని పెట్టవలదనియు వ్రాసితిమి.